బాయిలర్ గదిలో మిగిలే ఊక, బజారులో దాని లెక్క

చేవెళ్ళ: చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల కోళ్ళ ఫారాలకు ఊక సరఫరా చేసే వర్తకులు బేరానికి కూర్చున్నప్పుడు సాధారణంగా విచారించేవి రెండే విషయాలు. మిల్లులు ఎన్ని షిఫ్టులు నడుస్తున్నవి, లారీ కిరాయి ఎంత. విచారించవలసినది మూడవది కూడా ఒకటి ఉన్నది. బాయిల్డ్ రైస్ మిల్లులో ఆవిరి ఏ తీరున ఖర్చవుతున్నదన్నదే అది. ఆవిరికీ ఊక ధరకూ సంబంధమేమిటని సందేహించనక్కరలేదు. బాయిల్డ్ మిల్లు పొయ్యిలో పడేది ఊకే. పొయ్యిలో పడగా మిగిలినదే బజారుకు వస్తుంది.

ఈ రెండు మండలాలలో బాయిలర్ చిమ్నీలు అరుదు. అందుకు కారణం లేకపోలేదు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య కారక పరిశ్రమలను నిషేధిస్తూ 1996 మార్చి 8వ తేదీన ప్రభుత్వం 111 నెంబరు జీ.ఓ. జారీ చేసింది. దాని కిందికి వచ్చిన 84 గ్రామాలలో మొయినాబాద్, చేవెళ్ళ మండలాల గ్రామాలు అనేకం ఉన్నవి. జలాశయాల నీటికి హాని కలుగరాదన్న షరతుతో ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022 ఏప్రిల్‌లో 69 నెంబరు జీ.ఓ. వెలువడిందిగాని, పాతికేళ్ళకు పైబడిన కట్టడి వల్ల ఈ ప్రాంతం కూరగాయలు, పూలు, కోళ్ళ పెంపకం మీదనే స్థిరపడింది. బీజాపూర్ రోడ్డు వెంట మర్రిచెట్ల నీడన నగరానికి పోయే లారీలలో క్యారెట్, టమాటా, చామంతి కనబడతాయి. ఎదురువచ్చే లారీలలో ఊక ఒకటి.

బ్రాయిలర్ షెడ్డులో పిల్లలను దించేముందు నేలమీద రెండంగుళాల మందాన ఊక పరుస్తారు. పదివేల చదరపు అడుగుల షెడ్డుకు ఈ లెక్కన సుమారు నాలుగున్నర టన్నులు కావాలి. బ్యాచి పూర్తికాగానే పాత పరుపు ఎరువుకు పోతుంది, కొత్తది పరచాలి. కోడి పిల్లలకు తడి ఊక పనికిరాదు. వానాకాలంలో ఎండు ఊకకు గిరాకీ పెరగడానికి ఇదే హేతువు.

ఊక తేలిక సరుకు కూడాను. ఒక క్యూబిక్ మీటరు ఊక 100 నుంచి 120 కిలోలకు మించి తూగదు. లారీ నిండుగా కనిపించినా కాటా మీద తూకం తక్కువే. కాబట్టి కిరాయి భారం టన్నుకు బాగా పడుతుంది. ఇంత దూరం కిరాయి పెట్టి తెచ్చుకునే సరుకు అసలు మిల్లు గేటు దాటుతుందా లేదా అన్నది ముందే తెలిసి ఉండడం వర్తకునికి మేలు.

పచ్చి మిల్లు, బాయిల్డ్ మిల్లు

క్వింటాలు వడ్లు ఆడిస్తే 20 నుంచి 22 కిలోల ఊక వస్తుంది. పచ్చి బియ్యం తీసే మిల్లుకు మోటార్లు నడవడానికి కరెంటు చాలు. ఆ ఊక దాదాపు అంతా అమ్మకానికే. బాయిల్డ్ మిల్లు అలా కాదు. వడ్లను వేడినీటిలో నానబెట్టాలి, ఆవిరి పట్టాలి, ఆరబెట్టాలి. ఈ మూడు పనులకూ ఆవిరి కావాలి, ఆవిరికి ఊక కావాలి.

తెలంగాణలో బాయిల్డ్ రైస్‌కు పెట్టింది పేరు మిర్యాలగూడ. కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్ జిల్లాల్లోనూ ఈ మిల్లులు విరివిగా ఉన్నవి. ఇక్కడ బాయిల్డ్ ఇంతగా వ్యాపించడానికి తినేవారి రుచి కారణం కాదు. మన ఇళ్ళలో ఉప్పుడు బియ్యం వండుకునేది తక్కువే. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల ఎండలో కోతకు వస్తాయి. గింజలో పగులు పడుతుంది. పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. ప్రభుత్వానికి మరపట్టి ఇచ్చే ధాన్యంలో క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు అప్పగించాలన్నది నిబంధన. యాసంగి వడ్లతో పచ్చిగా ఆ తూకం చూపడం మిల్లరుకు కష్టం. ఆవిరి పడితే పగిలిన గింజ అతుక్కుని నిండు గింజగా బయటపడుతుంది. ఊక, తవుడు, నూక మాత్రం మిల్లరు వంతు. కాబట్టి పొయ్యిలో మిగిల్చిన ప్రతి బస్తా ఊకా అతని జేబులోకే పోతుంది. మిగల్చలేకపోతే ఆ నష్టమూ అతనిదే.

క్వింటాలుకు ఎంత ఆవిరి?

ఇక లెక్కకు వద్దాం. ఇవి సామాన్య పరిస్థితులకు వేసిన చేతి లెక్కలు. మిల్లును బట్టి అటూ ఇటూ అవుతాయి.

ఊకలో కిలోకు సుమారు 3,000 కిలో కేలరీల వేడి ఉంటుంది. ఓ మోస్తరు బాయిలర్ అందులో 65 శాతం నీటికి అందిస్తుందనుకుంటే, కిలో ఊకకు మూడు కిలోల ఆవిరి వస్తుంది.

వడ్లను 65 నుంచి 70 డిగ్రీల నీటిలో నానబెట్టడానికి క్వింటాలుకు 13 కిలోల ఆవిరి, నానిన వడ్లకు ఆవిరి పట్టడానికి మరో 12 కిలోలు అవుతాయి. అసలు తిండిపోతు డ్రయ్యరు. నాని, ఉడికిన వడ్లలో తేమ 30 శాతం దాకా ఉంటుంది. దాన్ని 14 శాతానికి దించాలంటే ప్రతి క్వింటాలుకూ 23 కిలోల నీటిని గాలిలో కలపాలి. డ్రయ్యరు పనితనం బాగుంటే ఇందుకు 42 కిలోల ఆవిరి పడుతుంది. వెరసి 67 కిలోలు. మూడుతో భాగిస్తే 22 కిలోల ఊక.

క్వింటాలు వడ్లకు వచ్చే ఊకా ఇంచుమించు అంతే కావడం గమనార్హం. అనగా బాయిల్డ్ మిల్లు కత్తి అంచు మీద నడుస్తున్నది. ఆవిరిని జాగ్రత్తగా వాడిన మిల్లు ఊక అమ్ముతుంది. నిర్లక్ష్యం చేసిన మిల్లు సొంత ఊక చాలక పక్క పచ్చి మిల్లు నుంచి కొంటుంది. పక్కపక్కనే ఒకే సైజు మిల్లులు రెండుంటే, ఒకటి అమ్మకందారుగా మరొకటి కొనుగోలుదారుగా తేలడం ఇందువల్లనే. పైకి రెండు చిమ్నీలూ ఒకే తీరున పొగ వదులుతుంటాయి.

నీరైన ఆవిరి

డ్రయ్యరులో ఆవిరి నేరుగా వడ్లకు తగలదు. గొట్టాల వరుసలలో పారుతుంది, ఆ గొట్టాల మీదుగా ఫ్యాను గాలిని తోస్తుంది. ఆవిరి తన వేడిని గాలికిచ్చి నీరవుతుంది. మిల్లు భాషలో దీనినే కండెన్సేట్ అంటున్నారు. అది చన్నీళ్ళు కాదు, మరిగే నీళ్ళు. ఏడు కిలోల పీడనం దగ్గర కిలో ఆవిరిలో ఉండే 660 కిలో కేలరీలలో గాలికి చేరేది 490 మాత్రమే. మిగిలిన 170 ఆ నీటిలోనే ఉండిపోతాయి. గొట్టం బయటికి వచ్చి పీడనం తగ్గగానే అందులో 13 శాతం మళ్ళీ ఆవిరై ఎగిరిపోతుంది. మురుగు కాలువ మీద తెల్లగా లేచే పొగ అదే.

ఈ నీటిని కాలువలో వదలకుండా బాయిలర్‌కు నీరు పెట్టే ట్యాంకుకు మళ్ళించడమే కండెన్సేట్ రాబట్టడం. క్వింటాలు వడ్లకు 42 కిలోల నీరు 95 డిగ్రీల వేడితో వెనక్కి వస్తే, 30 డిగ్రీల బోరు నీటితో పోల్చినప్పుడు కిలోకు 65 కిలో కేలరీలు ఆదా. ఊక రూపంలో చెప్పాలంటే క్వింటాలు వడ్లకు 1.4 కిలోలు. బాయిలర్‌కు పోయే నీరు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే ఒక శాతం ఇంధనం తగ్గుతుందని ఇంజనీర్లు వాడే లెక్కతోనూ ఇది సరిపోతున్నది.

గంటకు 4 టన్నుల మిల్లు రోజుకు 20 గంటలు నడిస్తే 800 క్వింటాళ్ళ వడ్లు. ఆదా అయ్యే ఊక 1,120 కిలోలు. ఏడాదికి 200 రోజులు ఆడితే 224 టన్నులు. టన్ను రు. 3,000 అని పెట్టుకుంటే రు. 6,72,000. ధర మారితే ఈ మొత్తం మారుతుంది, టన్నులు మారవు. మరో విధంగా చూస్తే, ఆ ఒక్క మిల్లు కాలువలో పోసే వేడినీరు నాలుగు రోజులలో మొయినాబాద్‌లో ఒక పదివేల అడుగుల షెడ్డుకు పరుపు అవుతుంది.

ఇందులో మరో లాభం ఉన్నది. కండెన్సేట్ ఉప్పులు లేని నీరు. బోరు నీరు పోసిన కొద్దీ బాయిలర్ గొట్టాలకు సున్నపు పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన గొట్టం వేడిని సరిగా అందుకోదు, చిమ్నీలో వేడి పెరుగుతుంది. ఉప్పు పేరుకోకుండా అప్పుడప్పుడు బాయిలర్ అడుగు నీటిని వదిలివేయవలసి వస్తుంది, దానితోపాటు వేడీ పోతుంది. కండెన్సేట్ తిరిగి వస్తే ఈ బెడద తగ్గుతుంది.

నానబెట్టిన ట్యాంకులోకీ, వడ్ల మీదికీ నేరుగా వదిలే ఆవిరిని మాత్రం తిరిగి రాబట్టే వీలు లేదు. అది వడ్లలోనే కలిసిపోతుంది. మొత్తం ఆవిరిని వెనక్కి తెస్తామని చెప్పే సామాను అమ్మకందారు మాట నమ్మేముందు మిల్లరు ఈ తేడా గ్రహించాలి.

ఇంత లాభం కళ్ళెదుట ఉండగా అందరూ ఎందుకు చేయరన్న ప్రశ్న వస్తుంది. ఒక చిక్కు పంపు దగ్గరే ఉన్నది. మరిగే నీటిని పీల్చబోతే పంపులోనే ఆవిరి బుడగలు లేచి నీరు ఎక్కదు. బాయిలర్‌లో నీటి మట్టం పడిపోతుంది. ఫైర్‌మన్ బెదిరి చన్నీళ్ళ వాల్వు తిప్పుతాడు. అతని తప్పు కాదు, బాయిలర్‌లో నీరు తక్కువైతే ప్రాణాలకే ముప్పు. నీటి ట్యాంకును పంపుకన్నా మూడు నాలుగు మీటర్ల ఎత్తున కట్టిస్తే చాలావరకు ఈ ఇబ్బంది తీరుతుంది. లైను వేసి ట్యాంకును నేలమీదనే ఉంచిన చోట ఏడాది తిరగకుండానే లైను మూలన పడుతుంది. తరువాత ఎవరైనా ఆ ఊసెత్తితే, చేసి చూశాం, లాభం లేదన్న జవాబు వస్తుంది.

ట్రాపు సంగతి

డ్రయ్యరు గొట్టం చివర ఉండే చిన్న సాధనం స్టీమ్ ట్రాపు. నీటిని పోనిచ్చి ఆవిరిని ఆపడం దాని పని. చూడడానికి పిడికెడంత ఉన్నా మిల్లు లాభనష్టాలు చాలావరకు దాని చేతిలో ఉన్నవి. ట్రాపు తెరుచుకుని చెడిపోతే ఆవిరి పనిచేయకుండానే బయటికి పోతుంది. మూసుకుని చెడిపోతే గొట్టాలలో నీరు నిలిచి డ్రయ్యరు చల్లబడుతుంది. ఎనిమిది గంటలలో ఆరవలసిన వడ్లు పన్నెండు గంటలు పడతాయి. వెనుక నానిన వడ్లు చోటులేక పులిసిపోతాయి.

అప్పుడు డ్రయ్యరు మనిషి చేసే పని ఒకటే. ట్రాపు పక్కన ఉండే బైపాస్ వాల్వు తెరుస్తాడు. నీరు పోతుంది, డ్రయ్యరు వేడెక్కుతుంది. పని జరిగింది కదా అని ఆ వాల్వు అలాగే ఉండిపోతుంది. బస్తాల లెక్కన కూలి ముట్టే చోట అతను దాన్ని మూస్తాడని ఆశించడం అత్యాశ. ఊక ఖర్చు అతని ఖాతాలో పడదు.

మూడు మిల్లీమీటర్ల రంధ్రం నుంచి ఏడు కిలోల పీడనం దగ్గర గంటకు 15 కిలోలకు పైగా ఆవిరి కారుతుంది. అంటే అయిదు కిలోలకు పైగా ఊక. 20 గంటలకు ఒక క్వింటాలుకు పైగా. ఒక్క రంధ్రానికి ఇది లెక్క. పది డ్రయ్యరు వరుసలున్న మిల్లులో నాలుగు ట్రాపులు చెడి, రెండు బైపాస్‌లు తెరిచి ఉంటే, పైన చెప్పిన కండెన్సేట్ లైను పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

నాలుగు వరుసలకు కలిపి ఒకే ట్రాపు పెట్టే అలవాటు కూడా ఉన్నది. సామాను ఖర్చు తగ్గుతుందిగాని, ఒక వరుస పీడనం మరో వరుస నీటిని ఆపివేస్తుంది. ఒక్కో వరుసకు ఒక్కో ట్రాపు ఉండవలసిందే. డ్రయ్యరు గొట్టాలకు బంతి తేలే రకం ట్రాపు నప్పుతుంది, నీరు చేరినది చేరినట్టు బయటికి పోతుంది.

మొయినాబాద్ నుంచి వెళ్ళిన వర్తకుడు కూడా దీన్ని కనిపెట్టగలడు. మిల్లు వెనుక కాలువ దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు. నీటితోపాటు లేచే పొగ గొట్టం మూతి నుంచే మెల్లగా, బద్ధకంగా లేస్తే అది కండెన్సేట్ తాలూకు ఆవిరి. గొట్టం మూతి దగ్గర కాస్త మేర ఏమీ కనబడకుండా, అటుపైన జోరుగా చిమ్ముతూ పొగ మొదలైతే అది పనిచేయని ఆవిరి. అటువంటి మిల్లుతో సీజన్ పొడుగునా ఊక ఇస్తామన్న ఒప్పందం రాసుకునేముందు ఆలోచించాలి.

గొట్టాలకు చుట్టే తొడుగు సంగతి చెప్పుకుంటే, తొడుగు లేని రెండంగుళాల గొట్టం మీటరుకు గంటకు అర కిలోకు పైగా ఆవిరిని నీరు చేస్తుంది. పది మీటర్లు బయటపడి ఉంటే రోజుకు 30 కిలోల ఊకకు తక్కువ కాదు. మరమ్మతుకు విప్పి మళ్ళీ చుట్టని చోట్లే ఎక్కువ.

శాంపిల్‌లో కనిపించే ఆవిరి

బియ్యం బ్రోకర్లకూ ఇందులో పని ఉన్నది. ట్రాపులు చెడి, గొట్టాలకు తొడుగు లేని మిల్లులో వడ్లకు తగిలే ఆవిరి తడిసి ఉంటుంది. ట్యాంకులో ఒక మూల వడ్లు ఎక్కువ ఉడికి, మరో మూల తక్కువ ఉడుకుతాయి. సరిగా ఉడకని గింజ నడుమ తెల్లమచ్చ మిగులుతుంది, మరలో అక్కడే విరుగుతుంది. అతిగా ఉడికిన గింజ రంగు ముదురుతుంది. ఒకే లాటులో తెల్లమచ్చ గింజలూ, ముదురు రంగు గింజలూ కలిసి కనబడితే తప్పు వడ్లదని అనుకోవడం మామూలు. బాయిలర్ గది వైపు కూడా ఒకసారి చూడవలసి ఉంటుంది. కేరళ, తమిళనాడు కొనుగోలుదారులకు రంగు విషయంలో పట్టింపు ఉన్నది, ఆ తేడాకు ధర కోత కోస్తారు.

తవుడు విషయం వేరు. ఆవిరి వేడికి తవుడులో నూనెను పాడుచేసే గుణం నశిస్తుంది కనుక బాయిల్డ్ తవుడు పచ్చి తవుడుకన్నా నిలవకు ఆగుతుంది, నూనె పాలు కూడా ఎక్కువ. సాల్వెంట్ మిల్లులు దానికి ఎక్కువ ధర పెట్టడం ఇందుకే.

బజారు మీద ప్రభావం

బాయిల్డ్, పచ్చి బియ్యం మధ్య మొగ్గు మారినప్పుడల్లా ఊక రాబడి మారవలసిందే. యాసంగి బాయిల్డ్ బియ్యం సేకరణపై కేంద్రానికీ రాష్ట్రానికీ 2021లో వివాదం మొదలై 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ ధర్నా దాకా సాగింది. కేంద్రం బాయిల్డ్ వద్దంటే మిల్లు పచ్చికి మళ్ళాలి. పచ్చికి మళ్ళితే క్వింటాలుకు 20 కిలోల ఊక బజారులో పడుతుంది. ఇదే విధంగా బాయిల్డ్ బియ్యం ఎగుమతులపై 2023 ఆగస్టు 25న 20 శాతం సుంకం పడింది. 2024 సెప్టెంబరు 27న అది 10 శాతానికి తగ్గి, అక్టోబరు 22న పూర్తిగా తొలగింది. సుంకం పోతే బాయిల్డ్‌కు ఉత్సాహం, పొయ్యికి ఊక. బియ్యం సుంకం వార్తను కోళ్ళ ఫారం వారు తమది కాదని వదిలేస్తుంటారుగాని, రెండు నెలల తరువాత పరుపు ధరలో అది కనబడే అవకాశం ఉన్నది.

ఆవిరి పొదుపు ఈ ఎగుడుదిగుళ్ళను కొంత సర్దుతుంది. బాయిల్డ్ మిల్లులు పది శాతం ఆవిరి తగ్గించుకుంటే క్వింటాలు వడ్లకు రెండు కిలోల పైచిలుకు ఊక విడుదలవుతుంది. బాయిల్డ్ సీజన్‌లోనే, అంటే పచ్చి మిల్లుల ఊక పలుచబడిన వేళలోనే అది బజారుకు చేరుతుంది.

ఖర్చు విషయంలో మిల్లరు పాటించవలసిన వరుస ఒకటున్నది. మొదట ట్రాపులు, బైపాస్ వాల్వులు. తరువాత గొట్టాల తొడుగు. ఆ తరువాత కండెన్సేట్ లైను, ఎత్తు మీద ట్యాంకు. కొత్త బాయిలర్ ఆలోచన చిట్టచివర. ఆచరణలో ఈ వరుస తలకిందులుగా సాగుతున్నది. బ్యాంకు అప్పు కొత్త బాయిలర్‌కు దొరికినంత సులువుగా ట్రాపులకు దొరకదు. కొత్త బాయిలర్ అయితే నలుగురికీ కనబడుతుంది కూడా. బాయిలర్ల తనిఖీకి 1923 నాటి చట్టం స్థానే 2025లో కొత్త చట్టం వచ్చిందిగాని, తనిఖీ ముఖ్యంగా భద్రతకు సంబంధించినది. కాలువలో పోయే వేడినీటిని అడిగే ఇన్‌స్పెక్టరు ఉండడు.

వానాకాలం పరుపు కోసం ఊక ముందుగా కుదుర్చుకునే చేవెళ్ళ, మొయినాబాద్ వర్తకులకు యాసంగి ఆట సాగే మే, జూన్ నెలలే అదను. ఆ రోజులలో మిల్లుకు వెళ్ళినప్పుడు ఊక కుప్పతోపాటు వెనుక కాలువనూ చూసి రావచ్చు. కుప్ప ఇవాళ్టి సరుకు ఎంతో చెబుతుంది. ఆగస్టులో లారీ వస్తుందా రాదా అన్నది కాలువ దగ్గర తెలుస్తుంది.